కుక్కపిల్లకి తిండి పెడుతూనే మాట వినడం నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కపిల్ల ఇంటికి రాగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "దీనికి ఏం పెట్టాలి?" అని. ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి, ఎవరి చేత్తో పెట్టాలి అన్నవి గుర్తొచ్చేసరికి నెల గడిచిపోతుంది. ఈలోగా గిన్నె చూస్తే ఎగబడటం, బట్టలు పట్టి లాగడం, తినేటప్పుడు ఎవరైనా దగ్గరికొస్తే గుర్రుమనడం మొదలైపోతాయి. రోజు తిండిని కొలిచి, వేళకి పెట్టి, అందులో కొంత మీ చేతి మీదుగా వెళ్లేలా చూసుకుంటే ట్రైనింగ్‌లో సగం పని అక్కడే అయిపోతుందని నా అభిప్రాయం. కింది ప్రశ్నలన్నీ ఆ దారిలో ఎదురయ్యేవే.

తిండి వేరు, ట్రైనింగ్ వేరు కదా? రెండింటినీ ఎందుకు కలపాలి?

మీరు కలపకపోయినా అవి కలిసే ఉంటాయి. రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్‌కి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకి. కుక్కల లాలాజలం కొలిచే ఆ పనిలోనే ఆయన ఒక సంగతి గమనించాడు: తిండి నోటికి అందకముందే, దాన్ని తెచ్చే మనిషి కనిపించగానే వాటికి నోరూరేది. తిండికి ముందు ఏది వస్తే దానికీ తిండికీ కుక్క మనసులో ముడి పడిపోతుందన్నమాట. దాదాపు ఆ రోజుల్లోనే అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులతో చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది: ఏ పని చేశాక మంచి ఫలితం దక్కుతుందో ఆ పనిని జంతువు మళ్లీ మళ్లీ చేస్తుంది.

ఈ రెండూ మీ వంటింట్లో రోజూ జరుగుతూనే ఉంటాయి. డబ్బా మూత చప్పుడు వినగానే పిల్ల అరవడం మొదలుపెట్టింది, ఆ గోల భరించలేక మీరు గబగబా గిన్నె కింద పెట్టేశారు. అరిస్తే తిండి తొందరగా వస్తుందని ఆ పూట దానికి పాఠం అయింది. నేర్పాలని మీరు అనుకోలేదు, అది మాత్రం నేర్చేసుకుంది.

రోజుకి ఎన్నిసార్లు పెట్టాలి?

ఎనిమిది వారాల నుంచి మూడు నెలల వరకు 4 సార్లు, ఆ తర్వాత ఆరు నెలల వరకు 3 సార్లు, ఆపైన 2 సార్లు. రోజు మొత్తం తిండి అంతే, పూటలుగా పంచడమే తేడా. చివావా, యార్క్‌షైర్ టెర్రియర్, పొమేరేనియన్ లాంటి చిట్టి జాతుల విషయంలో మాత్రం జాగ్రత్త. వాటి ఒంట్లో నిల్వ తక్కువ కాబట్టి ఒక పూట తప్పినా రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. పిల్ల తూలుతున్నా, వణుకుతున్నా, పిలిస్తే పలకకుండా మత్తుగా ఉన్నా చిగుళ్లకి కొంచెం తేనె రాసి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

గిన్నె నిండా పోసి ఉంచితే దానికి ఆకలేసినప్పుడు తింటుంది కదా?

తింటుంది. కాకపోతే ఎప్పుడు తిన్నదో మీకు తెలియదు, కాబట్టి ఎప్పుడు రెంటికి వెళ్తుందో కూడా తెలియదు. రోజంతా కొంచెం కొంచెం నములుతూ ఉన్న పిల్లకి మీ చేతిలో ఉన్న నాలుగు డ్రై ఫుడ్ గింజల మీద ఆశ ఎందుకుంటుంది? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కుక్కపిల్లకి జబ్బు చేస్తే తరచుగా ముందు కనిపించేది తిండి మానేయడం. గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంటే ఆ సంగతి మీ కంట పడేసరికి ఒక రోజు పోతుంది.

వేళకి పెట్టండి, 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి, మిగిలింది తీసేయండి. తీసేటప్పుడు తిట్లు, బతిమాలడాలు ఏవీ వద్దు. మళ్లీ వేళకి మళ్లీ పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల రెండు మూడు రోజుల్లో ఈ పద్ధతికి అలవాటు పడిపోతుంది. చిట్టి జాతుల పిల్లలతో ఇంత పట్టుదల వద్దు, ఒక్క పూట తినకపోయినా ఆగకుండా డాక్టర్‌ని అడగండి.

ఇల్లంతా ఒంటికి పోస్తోంది. దీనికి తిండితో సంబంధం ఉందా?

చాలా ఉంది. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది. పసిపిల్లల్లో ఉన్నట్టే కుక్కపిల్లల్లోనూ ఇది బలంగా ఉంటుంది. అందుకే చాలా పిల్లలు తిన్న 5 నుంచి 30 నిమిషాల్లో రెంటికి వెళ్తాయి. తిండి వేళ మీ చేతిలో ఉంటే ఈ వేళ కూడా మీ చేతిలో ఉన్నట్టే.

ఒక వారం పాటు కాగితం మీద రాసి చూడండి: ఎప్పుడు తిన్నది, ఎప్పుడు వెళ్లింది, ఎక్కడ వెళ్లింది. మూడో రోజుకే ఒక లెక్క కనబడుతుంది. తిన్నాక ఇన్ని నిమిషాలకి, నిద్ర లేవగానే, ఆట అయిపోగానే. ఆ సమయాలకి రెండు నిమిషాల ముందే బయటికి, రోజూ ఒకే చోటికి తీసుకెళ్లండి. అక్కడ ఆడించకండి, నిలబడి ఊరుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాటు ట్రీట్ ఇచ్చే చోటు దగ్గర జరుగుతుంది. పిల్ల బయట పని ముగించుకుని, మీతో పాటు లోపలికి వచ్చి, మీరు డబ్బా తీసి ట్రీట్ ఇచ్చేసరికి నిమిషం దాటిపోతుంది. దానికి అర్థమయ్యేది "లోపలికి వస్తే ట్రీట్ ఇస్తారు" అని. రేపటి నుంచి పని పూర్తికాకుండానే గుమ్మం వైపు పరుగు. ట్రీట్ మీ జేబులో ఉండాలి, పని ముగియగానే ఒకటి రెండు సెకన్లలో అక్కడే నోటికి అందాలి. మధ్యలో మెచ్చుకోకండి, సంబరపడి సగంలో ఆపేస్తుంది.

పగటిపూట ఎంతసేపు ఆపుకోగలదంటే, నెలల వయసుకి ఒకటి కలిపితే వచ్చే అన్ని గంటలు అని ఒక మోటు లెక్క ఉంది. రెండు నెలల పిల్లయితే మహా అయితే మూడు గంటలు. మెలకువగా తిరుగుతుంటే అంతసేపు కూడా ఉండదు. రాత్రి చివరి పూట తిండి పడుకునే వేళకి సుమారు మూడు గంటల ముందు అయిపోతే రాత్రి లేవడాలు తగ్గుతాయి. ఇంట్లో ఎక్కడైనా పోస్తే తిట్టకండి. తిట్టించుకున్న పిల్ల మానేయదు, సోఫా వెనక్కి వెళ్లి పోస్తుంది. వాసన మిగలకుండా ఎంజైమ్ ఉన్న క్లీనర్‌తో తుడవండి, వాసన ఉన్నచోటికే మళ్లీ వెళ్లడం వాటి నైజం.

మరి నీళ్లు కూడా వేళకేనా?

కాదు. పగలంతా మంచి నీళ్లు అందుబాటులో ఉండాలి. పడుకోబోయే ముందు గంట, గంటన్నర గిన్నె తీసేయవచ్చు, అదీ పగలు సరిపడా తాగి ఉంటేనే, ఎండ మండిపోని రోజుల్లోనే.

ఎంత పెట్టాలో ఎలా తెలుస్తుంది?

ప్యాకెట్ మీద ఉన్న పట్టికతో మొదలుపెట్టండి, అక్కడే ఆగిపోకండి. ఆ పట్టిక సగటు పిల్ల కోసం రాసింది. కప్పుతో కాకుండా చిన్న తూకం మిషన్‌తో గ్రాముల్లో కొలవండి, ఒకే కప్పుతో ఇద్దరు మనుషులు పోస్తే ఇద్దరి కొలత ఒక్కలా ఉండదు. వారానికోసారి పక్కటెముకల మీద అరచేయి పెట్టి చూడండి. పల్చటి పొర కింద ఎముకలు వేళ్లకి తగలాలి, పైనుంచి చూస్తే నడుము కొంచెం లోపలికి కనిపించాలి. బొద్దుగా ఉంటే ముద్దొస్తుంది నిజమే, కానీ ఆ బరువు మోసేది ఇంకా గట్టిపడని కీళ్లు. 48 లాబ్రడార్‌లని పిల్లలుగా ఉన్నప్పటి నుంచి జీవితాంతం గమనించిన ఒక అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. వాటిని జతలుగా చేసి చూస్తే, తన జత కుక్క కంటే 25 శాతం తక్కువ తిండి తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి.

పెద్ద జాతుల పిల్లలకి వాటి కోసమే చేసిన పప్పీ ఫుడ్ పెట్టాలి, ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు. ఎముకలు బలపడతాయని పైనుంచి క్యాల్షియం పొడి కలపడం మాత్రం మానుకోండి. ఎక్కువైన క్యాల్షియాన్ని వదిలేసే శక్తి చిన్న కుక్కపిల్లల పేగులకి ఉండదు, చివరికి దెబ్బతినేది ఆ ఎముకలే.

ట్రీట్లు రోజుకి ఎన్ని ఇవ్వవచ్చు?

లెక్క సంఖ్యలో కాదు, కేలరీల్లో. రోజు మొత్తంలో 10 శాతం దాటకూడదు. దాటితే కడుపు నిండుతుంది కానీ ఎదిగే ఒంటికి కావాల్సిన పోషకాల పాళ్లు చెడిపోతాయి.

ఈ ఇరుకులోంచి బయటపడే దారి తేలిక. పొద్దున్నే రోజు డ్రై ఫుడ్ మొత్తం కొలిచి ఒక డబ్బాలో పోయండి. అందులో మూడో వంతు పక్కన పెట్టి, దాన్నే ట్రైనింగ్‌కి వాడండి. ఇంట్లో, అలజడి లేని చోట, తెలిసిన పని చేసినప్పుడు మామూలు గింజే చాలు. బయట, పక్క కుక్క కనిపిస్తుండగా పిలిస్తే వచ్చిందంటే దానికి మామూలు గింజ ఇస్తే న్యాయం కాదు. అక్కడ ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం తునక లాంటిది ఉండాలి. తాయిలం పరిమాణం బఠాణీ గింజలో సగం ఉంటే సరిపోతుంది, చిట్టి పిల్లలకి ఇంకా చిన్నది. పెద్ద ముక్క ఇస్తే కూర్చుని నములుతుంది, ఈలోగా దేనికి ఇచ్చారో మర్చిపోతుంది. మెత్తగా ఉండి ఒక్క గుటకలో దిగిపోయేదే పనికొస్తుంది.

గిన్నె కనిపిస్తే చాలు, మీద పడిపోతోంది. ఓపిక ఎలా నేర్పాలి?

గిన్నెని ఛాతీ ఎత్తులో పట్టుకుని నిలబడండి. పిల్ల ఎగురుతుంది, అరుస్తుంది, ప్యాంటు అంచు పట్టి గుంజుతుంది. ఏమీ అనకండి, దాని కళ్లలోకి కూడా చూడకండి. కాసేపటికి ఎగరడం ఆపి తల పైకెత్తి గిన్నె వైపు చూస్తుంది, అలా చూస్తూ చూస్తూ వెనక భాగం దానంతటదే నేలకి ఆనుతుంది. ఆ క్షణంలో గిన్నెని నెమ్మదిగా దించడం మొదలుపెట్టండి. సగం దూరం రాకముందే లేచిపోతుంది. గిన్నె మళ్లీ ఛాతీ దగ్గరికి. కూర్చుంటే కిందికి, లేస్తే పైకి. అరవాల్సిన పని లేదు, గిన్నే చెబుతుంది. కొన్ని పూటలకి గిన్నె నేల మీద ఆనేదాకా కూర్చునే ఉంటుంది, తోక మాత్రం నేలని తుడుస్తూ ఉంటుంది.

ఆ తర్వాతే "వెయిట్" అన్న మాట కలపండి, తినడానికి "ఓకే" లాంటి ఇంకో మాట. మొదట్లో అర సెకను ఆగితే చాలు. మూడు నెలల పిల్లని నిమిషం సేపు గిన్నె ముందు కూర్చోబెట్టి వీడియో తీసేవాళ్లని చూస్తే నాకు జాలి పిల్ల మీదే. అంతసేపు ఆపితే ఓపిక రాదు, గిన్నె అంటే టెన్షన్ వస్తుంది.

ఒక్క పద్ధతి ఇంట్లో అందరిదీ అయితేనే ఇది నిలబడుతుంది. నలుగురిలో ఒకరు "పాపం, ఆకలేస్తోంది" అని ఎగురుతున్నప్పుడే పెట్టేస్తే పిల్ల ఆ ఒక్కరినే నమ్ముకుంటుంది.

చేత్తో తినిపిస్తే గారాబం అవదా?

పూటంతా ముద్దలు పెట్టి బతిమాలితే అవుతుంది. రోజు తిండిలో కొంత భాగం చేతి మీదుగా ఇవ్వడం వేరు. ఇంటికి వచ్చిన మొదటి రెండు మూడు వారాల్లో దీని లాభం ఎక్కువ: చేయి దగ్గరికొస్తే మంచిదే జరుగుతుందని పిల్లకి నమ్మకం కుదురుతుంది, పళ్లు తగలకుండా తీసుకోవడం అలవాటవుతుంది. గుప్పిట్లో గింజలు పట్టుకుని దాని ముక్కు దగ్గర పెట్టండి. కొరుకుతుంది, గోళ్లతో గీరుతుంది. గుప్పిట తెరవకండి. కొరకడం ఆపి నాలుకతో తాకినా, ముక్కు వెనక్కి తీసుకున్నా వెంటనే తెరవండి. నొప్పి పుట్టేలా కొరికితే చేయి వెనక్కి తీసుకుని కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. ఇంట్లో ఒకరే కాకుండా అందరూ వంతులవారీగా చేస్తే అందరి మాటా వింటుంది.

చేతిలో ట్రీట్ కనిపిస్తేనే కూర్చుంటోంది, లేకపోతే మన ముఖం కూడా చూడదు. ఏం చేయాలి?

తాయిలం చూపించి పని చేయించుకుంటే అది లంచం. పని అయ్యాక, అప్పటిదాకా కనిపించని చోటి నుంచి వస్తే బహుమతి. మొదట్లో ముక్కు ముందు గింజ పట్టుకుని తల పైకి లేచేలా కదిపి కూర్చోబెట్టడం తప్పేం కాదు. అలా మూడు నాలుగు సార్లు చాలు. ఆ మరుసటిసారి చేతిలో ఏమీ లేకుండా అదే కదలిక చేయండి. కూర్చోగానే "గుడ్" అనండి, అప్పుడు రెండో చేత్తో జేబులోంచో, వెనక ఉన్న గట్టు మీదినుంచో ట్రీట్ తీసి ఇవ్వండి. చేయి ఖాళీగా ఉన్నా ట్రీట్ వస్తుందని అర్థమైతే ఇక ఆ చేతిని వాసన చూడటం మానేస్తుంది.

ఆ "గుడ్" అన్న మాట ఎప్పుడు పడిందన్నది ముఖ్యం. కూర్చున్న క్షణంలోనే పడాలి, ట్రీట్ రెండు సెకన్లు ఆలస్యమైనా ఫర్వాలేదు. క్లిక్కర్ వాడేవాళ్లు చేసేది ఇదే, మాట బదులు టిక్కుమనే చప్పుడు.

"సిట్" అని ఐదుసార్లు అనకండి. ఒక్కసారి అని ఆగండి. ఐదుసార్లు విన్న పిల్లకి ఐదోసారి కూర్చుంటే చాలని తెలిసిపోతుంది. పని బాగా వచ్చాక ప్రతిసారీ కాకుండా ఒకసారి ఇచ్చి, రెండుసార్లు మానేసి, మళ్లీ ఇచ్చి, ఇంకోసారి ఒకేసారి మూడు ఇచ్చి చూడండి. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి కోసం ఇంకా శ్రద్ధగా పని చేస్తుంది. పిలిస్తే రావడం ఒక్కదానికి మాత్రం ఈ పొదుపు వద్దు. దాని ప్రాణం కాపాడే మాట అది, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక మంచి జరగాలి.

తింటుండగా దగ్గరికి వెళ్తే గుర్రుమంటోంది. గిన్నెలో చేయి పెట్టి అలవాటు చేయమని పెద్దవాళ్లు అంటున్నారు.

దయచేసి అలా చేయకండి. మీరు తింటుంటే ఎవరో వచ్చి మాటిమాటికీ కంచం లాగేస్తుంటే మీరు అలవాటు పడరు, కంచం గట్టిగా పట్టుకుంటారు. గుర్రుమనడం అది ఇచ్చే హెచ్చరిక. దాన్ని తిట్టో కొట్టో నోరు మూయిస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది. ఆ తర్వాత చెప్పకుండా కరుస్తుంది.

గుర్రుమనడానికి ముందే గుర్తులు కనిపిస్తాయి. మీరు నాలుగు అడుగుల దూరంలో ఉండగానే నమలడం వేగం పెరుగుతుంది. తల గిన్నెలోకి ఇంకా లోతుగా దిగుతుంది, మెడ బిగుస్తుంది, తల కదపకుండా కళ్లు మాత్రం మీ వైపు తిరిగి తెల్లగుడ్డు అంచు కనబడుతుంది. ఇవి చూస్తే ఇంకో అడుగు వేయకండి.

పద్ధతి ఇది. పిల్ల ఏ ఇబ్బందీ లేకుండా తింటున్నంత దూరంలో నిలబడి, దాని గిన్నెలో ఉన్నదానికంటే రుచిగా ఉండేదేదైనా గిన్నె వైపు విసిరి వెళ్లిపోండి. మీరు వస్తే గిన్నెలోది పోదు, ఇంకా కలుస్తుందని దానికి అర్థం కావాలి. కొన్ని రోజులయ్యాక మీరు వస్తుంటే తల ఎత్తి తోక ఊపుతూ ఎదురుచూస్తుంది. అప్పుడు ఒక అడుగు దగ్గరగా. గిన్నె పక్కకి చేరి చేత్తో లోపల వేసేదాకా ఇలాగే. గుర్రుమనని పిల్లకి కూడా మొదటి రోజు నుంచి ఇదే చేయవచ్చు, అసలు సమస్యే రాకుండా పోతుంది.

చిన్న పిల్లలున్న ఇంట్లో కుక్కపిల్ల తినే చోటికి వాళ్లని వెళ్లనివ్వకండి. బేబీ గేట్ వెనకో, క్రేట్‌లోనో (కుక్క పడుకునే బోను) పెడితే దానికీ మనశ్శాంతి, మీకూ మనశ్శాంతి. ఇప్పటికే పళ్లు చూపిస్తున్నా, గాల్లో కొరుకుతున్నా మీరు సొంతంగా ప్రయత్నించకండి. కొట్టకుండా నేర్పే ట్రైనర్ సాయం తీసుకోండి.

చెప్పులు, సాక్సులు నోట కరుచుకుని పారిపోతోంది. వెంటపడితే మంచం కిందికి దూరుతోంది.

వెంటపడటం దానికి మంచి ఆట. మారకం నేర్పండి. నోట్లో దాని సొంత బొమ్మ ఉన్నప్పుడు ముక్కు దగ్గర ట్రీట్ పెట్టండి, వదలగానే "డ్రాప్" అని ట్రీట్ ఇచ్చి, బొమ్మని కూడా తిరిగి ఇచ్చేయండి. ఈ తిరిగి ఇవ్వడం అసలు కిటుకు. వదిలితే పోయేదేమీ లేదని తెలిసిన పిల్ల, రేపు నిజంగా ప్రమాదమైనది నోట్లో ఉన్నా వదులుతుంది.

మేం తింటుంటే పక్కన కూర్చుని అలా చూస్తూ ఉంటుంది, పెట్టకపోతే అరుస్తుంది.

ఎవరో ఎప్పుడో పెట్టారు. ఆపాలంటే ఈరోజు నుంచి ఒక్కరు కూడా ఒక్క ముక్క కూడా పెట్టకూడదు. మొదటి రోజుల్లో అరుపు తగ్గదు, పెరుగుతుంది. ఎప్పుడూ పనిచేసిన పద్ధతి ఇప్పుడు ఎందుకు పనిచేయట్లేదో అని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ ఉధృతిలో మీరు లొంగిపోయి ఒక్క ముక్క పడేస్తే, అంత గట్టిగా అరవాలన్నమాట అని నేర్చుకుంటుంది. ఊరికే కాదనడం కంటే దానికో పని ఇవ్వడం మేలు. మీ భోజనం వేళకి దూరంగా దాని పరుపు మీద నమిలే బొమ్మలో తడి తిండి కూరి ఇవ్వండి. అక్కడ ఉన్నంతసేపే తిండి దక్కుతుంది.

మా పిల్లకి తిండి మీద ఆసక్తే లేదు. ట్రీట్లతో ఎలా నేర్పాలి?

ముందు నాలుగు సంగతులు చూడండి. కడుపు అప్పటికే నిండి ఉందా? చాలా ఇళ్లలో జవాబు ఇదే, ఇంట్లోవాళ్లు తలా ఒకటి పెట్టేసి ఉంటారు. కొత్త చోట బెదిరిందా? బెదిరిన కుక్క ఎంత ఇష్టమైనదైనా ముట్టదు, అప్పుడు చేయాల్సింది ట్రీట్ మార్చడం కాదు, అక్కడి నుంచి దూరంగా తీసుకెళ్లడం. పళ్లు మారుతున్నాయా? సుమారు నాలుగు నుంచి ఏడు నెలల మధ్య 28 పాలపళ్లు ఊడి 42 కొత్త పళ్లు వస్తాయి, ఆ రోజుల్లో గట్టి గింజలు నొప్పి పెడతాయి. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి చూడండి. ఈ మూడూ కాకపోతే ఒంట్లో బాగోలేదేమో డాక్టర్‌కి చూపించండి.

ఇవేవీ కాకుండా నిజంగానే తిండి కంటే బంతి ఇష్టపడే పిల్లలూ ఉంటాయి. అప్పుడు బంతి విసరడమే బహుమతి.

అయితే ఒక పూట తిండి మానేస్తే ఆకలితో బాగా నేర్చుకుంటుందా?

వద్దు. ఎదిగే పిల్లని మాడ్చకూడదు. పైగా ఆకలి ఎక్కువైన పిల్ల మీ మాట వినదు, మీ జేబు మాత్రమే చూస్తుంది. మామూలు పూటకి కొంచెం ముందు, మూడు నుంచి ఐదు నిమిషాలు నేర్పండి. అలా రోజుకి మూడు నాలుగుసార్లు. ఇంకోసారి చేద్దామా అన్నట్టు అది చూస్తుండగానే ఆపేయండి.

గబగబా మింగేస్తుంది, నమలదు కూడా.

వేగం తగ్గించే గాడుల గిన్నె కొనవచ్చు, లేదా గింజల్ని గడ్డిలోనో, దుప్పటి మడతల్లోనో చల్లి వెతుక్కోమనవచ్చు. నాకు రెండోదే ఇష్టం. ముక్కుతో వెతికి తినడం వాటికి పుట్టుకతో వచ్చిన పని, పది నిమిషాలు వెతికిన పిల్ల పెద్ద వాకింగ్ చేసి వచ్చినట్టు పడుకుంటుంది. లిక్ మ్యాట్ (నాకి తినడానికి గాడులున్న రబ్బరు పలక) మీద తడి తిండి పూసి ఇస్తే నాకుతూ నెమ్మదిస్తుంది, స్నానం చేయించేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో గబగబా తినడం కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదాన్ని పెంచుతుంది కాబట్టి వాటి విషయంలో అశ్రద్ధ వద్దు. తిన్న వెంటనే పరుగులు, గెంతులు కూడా ఆపించండి.

ఉరుములన్నా, మిక్సీ చప్పుడన్నా భయపడుతోంది. భయపడినప్పుడు ట్రీట్ ఇస్తే భయాన్ని మెచ్చుకున్నట్టు కాదా?

కాదు. భయం అది కావాలని చేసే పని కాదు, మెచ్చుకుంటే పెరగడానికి. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్య వయసులో కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకుంటుంది. ఆ రోజుల్లో కొత్త చప్పుడు, కొత్త మనిషి, గొడుగు, హెల్మెట్, ఏది కనిపించినా వెంటనే ఒక రుచికరమైన ముక్క పడితే అవన్నీ మంచివాటి జాబితాలోకి వెళ్తాయి. వరస మాత్రం తప్పకూడదు: ముందు చప్పుడు, ఆ తర్వాత తిండి. ముందే ట్రీట్ చూపించి ఆపైన మిక్సీ వేస్తే ట్రీట్ అంటేనే అనుమానం పుడుతుంది. చప్పుడు మొదట దూరం నుంచి, తక్కువగా ఉండాలి. పిల్ల తినలేకపోతోందంటే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టు.

గోళ్లు కత్తిరించడం, చెవులు చూడటం కూడా ఇలాగే. పాదం పట్టుకుని ముక్క, వదిలేసి ఏమీ లేదు. కట్టర్ చూపించి ముక్క. మరో రోజు ఒక్క గోరు కత్తిరించి ముక్క, ఇంక ఆ రోజుకి చాలు.

తిండి బ్రాండ్ మార్చాలంటే?

వారం పట్టాలి. మొదటి రెండు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత రెండు రోజులు సగం, తర్వాత ముప్పావు, ఏడో రోజుకి పూర్తిగా. ఒకేసారి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, టాయిలెట్ ట్రైనింగ్ మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. పిల్ల ఇంటికి వచ్చిన మొదటి వారంలో అసలు మార్చకండి, అంతకుముందు ఏది తినేదో అదే పెట్టండి.

ట్రీట్‌గా అస్సలు పెట్టకూడనివి ఏవి?

చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, మకాడమియా గింజలు, కాఫీ, మద్యం, ఈస్ట్ కలిపిన పచ్చి పిండి. చాక్లెట్ ఎంత ముదురు రంగులో ఉంటే అంత ప్రమాదం. ద్రాక్ష కొన్ని కుక్కల్లో కిడ్నీలని దెబ్బతీస్తుంది, ఎంత తింటే అవుతుందో ముందుగా చెప్పలేం కాబట్టి ఒక్కటి కూడా వద్దు. పంచదార బదులు వాడే జైలిటాల్ అన్నిటికంటే మోసకారి. షుగర్ ఫ్రీ అని రాసిన చూయింగ్ గమ్, కొన్ని రకాల పీనట్ బటర్‌లో ఉంటుంది. కుక్కకి కొద్ది మోతాదే చాలు, చక్కెర దభాలున పడిపోతుంది, కాలేయం కూడా పాడవుతుంది. నమిలే బొమ్మలో పీనట్ బటర్ పూసే ముందు సీసా వెనక చదవండి. వండిన ఎముకలు విరిగి సూదుల్లా గుచ్చుకుంటాయి. పాలు చాలా పిల్లలకి పడవు.

తన పెంట తనే తింటోంది!

చూడటానికి రోతగా ఉంటుంది కానీ పిల్లల్లో మామూలే, ఎక్కువగా ఎదిగాక పోతుంది. అరిచి పరిగెత్తుకెళ్తే మీకంటే ముందే మింగేయడం నేర్చుకుంటుంది. పని ముగియగానే ట్రీట్ చూపి పిలిచి, అది తింటుండగా తీసేయండి. నట్టల మందు వేళకి పడుతోందో లేదో చూసుకోండి.

తిండి మానేస్తే ఎంతసేపు చూడాలి?

ఆడుతూ పాడుతూ ఒక పూట వదిలేస్తే గాభరా వద్దు. నాలుగు నెలల లోపు పిల్ల అరరోజు పైన ఏమీ తినకపోతే ఫోన్ చేయండి, చిట్టి జాతయితే అంతసేపు కూడా ఆగకండి. వాంతులు, రక్తం కలిసిన విరేచనాలు, మత్తుగా ఒక మూల పడి ఉండటం, వీటిలో ఏదైనా తోడైతే, ముఖ్యంగా టీకాలు పూర్తికాని పిల్లయితే, పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు కావచ్చు. గంటలు లెక్కపెట్టకుండా అప్పటికప్పుడు తీసుకెళ్లాలి. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ రాకపోతే అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. తిండి వేళలు రాసుకున్న ఆ కాగితం కూడా వెంట తీసుకెళ్తే, చివరిసారి ఎప్పుడు తిన్నదని డాక్టర్ అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.